కుర్చీ మాటలు, స్టూలు మాటలు

పెద్దాయన చెడ్డ వార్త చెప్పేముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఆ ఉదయం మూడుసార్లు తుడిచాడు.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ గొళ్ళెం అది లెక్కపెట్టుకున్నాడు. పదిహేడేళ్ళ సర్వీసు. అతను తియ్యలేని తాళం లేదని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు, ఆ పేరు అలా వచ్చిందే. అసలు పేరు ఫైల్లో ఉంది. ఆ ఫైలున్న బీరువాకి తాళం వేసి ఉంటుంది. ఆ తాళాన్నీ అతను రెండుసార్లు తీశాడు, తన ప్రమోషన్ సంగతి ఏమైందో చూద్దామని.

"ఎగువ ఆనకట్ట," అన్నాడు పెద్దాయన. "ముప్పై రెండు గేట్లు. అన్నిటికీ ఒకే మాస్టర్ కోడ్. ఆ కోడ్ ఒక కార్డు మీద ఉంది. కార్డు, గేట్ల కంట్రోల్ సిస్టమ్ తయారుచేసే కంపెనీ లాకర్లో ఉంది. రేపు పదిన్నరకి ఆ కంపెనీ ఒక విదేశీ కంపెనీతో ఒప్పందం రాసుకుంటోంది. వచ్చేది ఉత్తుత్తి బృందం. అసలు సంగతి, అదొక ముఠా. కార్డు కోసమే వస్తోంది."

"గేట్లన్నీ ఒక్కసారే లేస్తే?"

"దిగువన పదకొండు ఊళ్ళు. మూడు లక్షల మంది."

"నన్నెక్కడ పెడుతున్నారు సర్?"

పెద్దాయన నాలుగోసారి కళ్ళజోడు తీశాడు. "మీటింగులో కూర్చునేది నువ్వు కాదయ్యా. మీ ఆవిడ."

గొళ్ళెం నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. దాంతో గొళ్ళెం నవ్వు సగంలో ఆగిపోయింది.

"అక్కడ మాట్లాడేదంతా వ్యాపారం ఇంగ్లీషు. పుస్తకాల్లోది కాదు, ఆఫీసుల్లో నలిగి నలిగి పుట్టింది. కిందటేడాది నువ్వు స్మగ్లర్ల గదిలో మైకు పెట్టి, మూడు గంటలు విని, వాళ్ళు పళ్ళ వ్యాపారులని రిపోర్టిచ్చావు. గుర్తుందా?"

"వాళ్ళు 'లో హ్యాంగింగ్ ఫ్రూట్' అన్నారు సర్. నాలుగుసార్లు."

"సులువుగా అయ్యే పని ముందు కానిచ్చేద్దాం అని దానర్థం. కానిచ్చేశారు కూడా."

గొళ్ళెం నేల చూపులు చూశాడు. అతని భార్య పదకొండేళ్ళుగా కంపెనీ మేనేజర్లకి ఈ ఇంగ్లీషే నేర్పుతోంది. వాళ్ళంతా ఆమెను టీచరమ్మ అంటారు. ఇంటికొచ్చి ఆమె ఆ మాటలు చెబుతుంటే గొళ్ళెం ఊఁ కొడుతూ తాళాలకి నూనె రాసుకునేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు విచారిస్తున్నాడు.

టీచరమ్మ వచ్చి అతని పక్కన కూర్చుంది. ఒళ్ళో ఓ పొడుగాటి నోట్‌బుక్కు. భర్త వంక చూసి, "ఏవండీ, ముందే మీతో చెప్పనివ్వలేదు సారు," అంది మెల్లిగా.

"ఇద్దరు కన్సల్టెంట్లు ఈ డీల్ కుదిర్చారు," అన్నాడు పెద్దాయన. "భార్యాభర్తలు. ముఠావాళ్ళు వాళ్ళని ఫోన్లో వినడమే తప్ప చూడలేదు. వాళ్ళని సెలవు మీద పంపించేశాం. ఆ భార్య స్థానంలో టీచరమ్మ కూర్చుంటుంది."

"మరి భర్త స్థానంలో నేనేగా సర్?"

తలుపు తెరుచుకుంది. మనిషి కంటే ముందు వాసన వచ్చింది. గొళ్ళెం ఆ వాసన గుర్తుపట్టాడు. ఏజెంట్ అత్తరు! ఆరేళ్ళు జూనియరు. బూడిద రంగు సూటు, అద్దంలా మెరిసే బూట్లు, ఏ దేశపు ఇంగ్లీషు కావాలంటే ఆ దేశపు ఇంగ్లీషు. వాడి ప్రమోషన్ ఫైలు కూడా గొళ్ళెం చూశాడు, చూడకుండా ఉంటే బాగుండేది.

"నమస్తే అన్నయ్యా," అన్నాడు అత్తరు. తర్వాత టీచరమ్మ వైపు తిరిగి, ఒక రకంగా వంగి, "మేడమ్," అన్నాడు.

నన్ను అన్నయ్యా అన్నవాడు ఆమెను వదినా అనాలి కదా! మేడమ్ ఏమిటి, మేడమ్? గొళ్ళెం పళ్ళు నూరాడు. అత్తరు కుర్చీ లాక్కుని టీచరమ్మకి జానెడు దూరంలో కూర్చున్నాడు. గదిలో ఇంకా ఐదు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"నువ్వు ప్రొజెక్టర్ గదిలో ఉంటావయ్యా గొళ్ళెం," అన్నాడు పెద్దాయన. "బోర్డు రూముకి ఆనుకుని అద్దాల గది. కెమెరా, లైట్లు, తలుపుల తాళం నీ చేతిలో."

అప్పుడు ఆమె వచ్చింది. డిపార్ట్‌మెంట్ ఆరు నెలల కిందట ముఠాలోకి పంపిన మనిషి, ఈ కబురంతా మోసుకొచ్చింది ఆమే. నల్ల సూటు, మెడలో ఒంటి వరస పగడాలు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను పగడాలావిడ అనే అంటారు. ఆమె నేరుగా గొళ్ళెం దగ్గరికి వచ్చి చెయ్యి కలిపింది. "మీ గురించి ఎంత విన్నానో!"

గొళ్ళెం ఆమె వంక చూశాడు. కాసేపాగి మళ్ళీ చూశాడు. పక్కన టీచరమ్మ పెన్ను మూత టక్కుమని మూసింది.

పగడాలావిడ సంగతులు చకచకా చెప్పింది. బృందం నాయకుడు ఒక పొడుగు మనిషి, ముఠా నాయకుడూ అతనే. నకిలీ కార్డు అతని పెన్నుల పెట్టెలో ఉంటుంది. అతను 'లెట్స్ గెట్ ద బాల్ రోలింగ్', అంటే ఇక పని మొదలెడదాం అంటాడు. అది సంకేతం. ఆ క్షణంలో కార్డు మారిపోతుంది. తను వాళ్ళ తరఫున మినిట్స్, అంటే మీటింగులో జరిగిందంతా, రాస్తూ కూర్చుంటుంది.

"ఆ మాట వినగానే అత్తరు అతన్ని పట్టుకోవాలి. గొళ్ళెం గారు తలుపులు తెరవాలి. బయట కాపు కాసే మీ మనుషులు నలుగురూ లోపలికి రావాలి."

"తలుపులు తెరవడం దేనికమ్మా?" అన్నాడు పెద్దాయన. "బోర్డు రూముకీ అద్దాల గదికీ కలిపి చుట్టూ గోడల్లో ఉక్కు రేకులున్నాయి. తలుపు మూసి ఉన్నంతసేపూ లోపలి నుంచి ఒక్క సిగ్నల్ బయటికి పోదు. మూసే ఉంచి మనవాళ్ళని ముందే లోపల..."

"లెట్స్ పార్క్ దట్, సర్," అంది పగడాలావిడ నవ్వుతూ.

పెద్దాయన ఆగిపోయి కళ్ళజోడు పెట్టుకున్నాడు. పదిహేడేళ్ళలో ఆయన మాటకి అడ్డొచ్చిన మనిషి లేదు. ఆ వింత గొళ్ళెం గమనించవలసింది. కానీ అతను అత్తరు మోచేతికీ తన భార్య మోచేతికీ మధ్య ఎంత సందుందో కొలుచుకుంటున్నాడు.

*

ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద పాఠం మొదలైంది.

"ఇటు చూడండి," అంది టీచరమ్మ నోట్‌బుక్కు తెరిచి. "ఎడమ పేజీ కుర్చీ మాటలు. కుడి పేజీ స్టూలు మాటలు."

"మీటింగులో స్టూళ్ళెందుకుంటాయి?"

"అబ్బా, వినండి ముందు. ఈ మాటలకి అర్థాలు డిక్షనరీలో దొరుకుతాయి. ఎవరు ఎవరితో అనొచ్చో మాత్రం ఏ డిక్షనరీలోనూ దొరకదు. నా దగ్గరికొచ్చే కుర్రమేనేజర్లు దెబ్బతినేది అక్కడే. 'లెట్స్ పార్క్ దట్' అంటే ఆ సంగతి ఇప్పటికి పక్కన పెడదాం అని. పైవాళ్ళు కిందివాళ్ళతో అనొచ్చు. కిందివాడు పైవాడితో అంటే ఆ పూటతో ఉద్యోగం ఊడినట్టే. మనింట్లో అత్తయ్యగారు 'అది తర్వాత చూద్దాంలే' అంటే అందరం నోరు మూసుకునేవాళ్ళం కదా. అదే మాట నేను ఆవిడతో అనుంటే?"

"మా అమ్మ మూడు రోజులు అన్నం మానేసేది."

"అదే మరి. కుర్చీ మాట! 'లెట్స్ నాట్ బాయిల్ ద ఓషన్' అంటారు. గోరంత పనికి కొండంత హడావిడి వద్దు అని. అదీ కుర్చీ మాటే. 'ఐ విల్ సర్కిల్ బ్యాక్' అంటారు, కనుక్కుని మళ్ళీ వచ్చి చెబుతాను అని. అది పైవాడి ముందు చేతులు కట్టుకుని అనే స్టూలు మాట. నా క్లాసులో ఎవరు ఏ మాట ఎవరితో అన్నారో ఇలా పేర్లు రాయిస్తాను. వారం రాస్తే చాలు, ఆ ఆఫీసులో నిజంగా పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది. బోర్డు మీద పేరు ఎవరిదైనా సరే."

గొళ్ళెం బుద్ధిగా తల ఊపాడు. "రేపు వాడు నిన్నేమని పిలుస్తాడు?"

టీచరమ్మ పెన్ను కింద పెట్టింది. "డియర్ అని. కవర్ స్టోరీలో ఉంది."

"ఆ కవర్ స్టోరీ రాసిందెవరు?"

"ఆయనే."

"ఆహా! రాసుకోడూ మరి! పెళ్ళై ఎన్నేళ్ళని రాశాడు?"

"ఎనిమిదేళ్ళు. మొదటిసారి ఓడలో కలిశామట."

గొళ్ళేనికి ఒళ్ళు మండిపోయింది. తను ఆమెను మొదటిసారి చూసింది వాళ్ళింటి స్నానాల గది తలుపు బిగుసుకుపోతే బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు. పదమూడేళ్ళుగా ఆ ముచ్చట చెప్పుకుని ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఓడ ముందు స్నానాల గది ఏం నిలుస్తుంది?

"నాకేమనిపిస్తోందో చెప్పనా?" అన్నాడు. "ముఠాకి మనలోంచి కబుర్లు మోసే మనిషి ఎవరైనా ఉంటే, వాడే అయి ఉంటాడు."

"ఆధారం?"

"ఆ బూట్లు చూశావా?"

"మీకు కుళ్ళండీ," అంది టీచరమ్మ. "సరే, ఆ పగడాలావిడ మీ గురించి ఏం విందట?"

"అదేదో మర్యాదకి అంది పాపం."

"ఈయనా మర్యాదకే డియర్ అంటాడు," అంది. విసురుగా పేజీ తిప్పింది. ఆ పేజీ కొంచెం చిరిగింది.

*

పదిన్నరకి ఇంకా మూడు నిమిషాలు. అద్దాల గదిలో గొళ్ళెం నీలం డ్రెస్సులో, అంటించిన మీసంతో, మెడలో ఆపరేటర్ బ్యాడ్జితో కూర్చున్నాడు. చెవిలో మిషను వినికిడిది కాదు, టీచరమ్మ బ్రోచ్‌లో ఉన్న మైకుది. ఆమె చెవిలోనూ, జుట్టు చాటున, ఇతని మాట వినిపించేది అలాంటిదే ఒకటి. ముందు బల్ల మీద రెండు బటన్లు. ఆకుపచ్చ నొక్కితే బోర్డు రూము తలుపులు తెరుచుకుంటాయి. ఎరుపు నొక్కితే బిగుసుకుంటాయి. పక్కన సీలింగ్ కెమెరా తిప్పే పుల్ల. అతనికిచ్చిన ఆర్డరు ఒక్కటే: కెమెరా పెన్నుల పెట్టె మీంచి కదలకూడదు.

పొడుగు మనిషి వచ్చి కూర్చున్నాడు. పెన్నుల పెట్టె ముందు పెట్టుకున్నాడు. గొళ్ళెం కెమెరా దాని మీద బిగించాడు. పక్కనే, కొంచెం వెనక్కి జరిపిన కుర్చీలో, పగడాలావిడ లావుపాటి మినిట్స్ పుస్తకం తెరిచింది. ఎదురుగా కంపెనీ ఛైర్మన్, బట్టతల, చేతిలో స్టీలు డబ్బా. ఆయనకి ఇవతల టీచరమ్మ. ఆమె పక్కన, అతి దగ్గరగా, అత్తరు.

"కంఫర్టబుల్, డియర్?" అంది చెవిలో మిషను, అత్తరు గొంతుతో.

గొళ్ళెం కెమెరాను రెండు అంగుళాలు తిప్పాడు. ఊరికే, చూద్దామని. అత్తరు చెయ్యి టీచరమ్మ కుర్చీ వీపు మీద ఆనించి ఉంది. గొళ్ళెం దగ్గరికి లాగి చూశాడు. వేళ్ళు ఆమె భుజానికి నాలుగు అంగుళాల దూరంలో ఉన్నాయి. పెన్నుల పెట్టె తెరలోంచి ఎప్పుడో జారిపోయింది.

మీటింగు సాగుతోంది. చెవిలో మాటలు వర్షంలా పడుతున్నాయి. పొడుగు మనిషి డెలివరీ తేదీల గురించి మొదలుపెట్టాడు. ఆలస్యమైతే జరిమానా ఎంత, ఎవరు కట్టాలి...

"లెట్స్ పార్క్ దట్," అంది ఒక ఆడగొంతు, మెత్తగా.

పొడుగు మనిషి మాట మధ్యలోనే తెగిపోయింది. గొళ్ళెం విన్నాడు. కానీ అప్పుడు వేళ్ళు మూడు అంగుళాల దూరానికి వచ్చాయి. వెధవ! భుజం మీద చెయ్యి వెయ్యాలని కవర్ స్టోరీలో ఉందా ఏం?

ఛైర్మన్ ఏదో అడిగాడు. పొడుగు మనిషి తడబడుతూ, పక్కకి చూస్తూ, "ఐ విల్ సర్కిల్ బ్యాక్," అన్నాడు. తర్వాత మళ్ళీ అదే ఆడగొంతు సముద్రాన్ని మరిగించొద్దంది. టీచరమ్మ తల వంచుకుని ఏదో రాస్తోంది. రాసి, నోట్‌బుక్కు అత్తరు వైపు జరిపింది. అత్తరు దాని వంక చూడనే లేదు. ఆమె వంక చూసి, తలగడ ప్రకటనల్లో మొగుడిలా నవ్వాడు.

గొళ్ళెం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడికి చీటీలు రాస్తోందా? పదమూడేళ్ళలో తనకొక్క చీటీ రాసిందా? పాలు తెమ్మనీ, కరెంటు బిల్లు కట్టమనీ తప్ప! అతను చూడకుండా ఉండలేకపోయాడు. కెమెరా పుల్ల ఆ పేజీ మీదికి తోశాడు.

ఛైర్మన్ స్టీలు డబ్బా తెరిచి కార్డు తీశాడు. రివాజు ప్రకారం దాని సీరియల్ నంబరు రెండు వైపుల మినిట్స్‌లోనూ ఎక్కాలి. కార్డు చేతులు మారి పగడాలావిడ ముందుకి వచ్చింది. ఆమె దాన్ని తన పుస్తకం మీద పెట్టి, నిదానంగా నంబరు రాసుకుని, వెనక్కి ఇచ్చేసింది. మినిట్స్ రాసే మనిషి వంక ఎవరు చూస్తారు? అందరి కళ్ళూ పొడుగు మనిషి పెన్నుల పెట్టె మీదే ఉన్నాయి.

టీచరమ్మ తల ఎత్తింది. సీలింగ్ కెమెరాలోకి సూటిగా చూసింది. పెన్నుతో నోట్‌బుక్కు మీద రెండుసార్లు పొడిచింది.

తెర మీద ఆ పేజీ ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. పెద్ద పెద్ద అక్షరాలు. ఎడమవైపు కుర్చీ మాటలు. 'పార్క్ దట్: పగడాలావిడ, పొడుగుతో.' 'బాయిల్ ద ఓషన్: పగడాలావిడ, పొడుగుతో.' కుడివైపు స్టూలు మాటలు. 'సర్కిల్ బ్యాక్: పొడుగు, పగడాలావిడతో. మూడుసార్లు.' ఎడమ పేజీలో అన్నిటికంటే పైన ఇంకొక వరస ఉంది. దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

'పార్క్ దట్: పగడాలావిడ, పెద్దాయనతో. నిన్న.'

గొళ్ళెం ఆ వరస రెండుసార్లు చదివాడు. నాయకుడు నాయకుడు కాదు. మినిట్స్ రాసే మనిషి మినిట్స్ రాసే మనిషి కాదు. డిపార్ట్‌మెంట్ ముఠాలోకి పంపిన మనిషే ముఠాని నడుపుతోంది. నిన్న పెద్దాయన ఏ మాట అంటుంటే ఆమె ఆపించింది? తలుపులు! మూసే ఉంచుదామంటుంటే!

"వెల్," అన్నాడు పొడుగు మనిషి, పక్కకి చూస్తూ. "లెట్స్ గెట్ ద బాల్ రోలింగ్."

అత్తరు పులిలా దూకాడు. పెన్నుల పెట్టె ఎగిరిపడింది. నకిలీ కార్డు నేల మీద పడింది. "దొరికాడు! తలుపు తియ్యి!" అరిచాడు అత్తరు.

గొళ్ళెం వేలు ఆకుపచ్చ బటన్ మీద ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో తన మీద తనకే నమ్మకం లేదు. ఇది ఆ నోట్‌బుక్కు చెప్పినందుకు చేస్తున్నానా, లేక చెప్పింది అత్తరు కాబట్టి చెయ్యనంటున్నానా? పోతే పోనీ అనుకున్నాడు. ఎరుపు నొక్కాడు. తలుపులు ధడ్ మని బిగుసుకున్నాయి.

పగడాలావిడ మినిట్స్ పుస్తకం గుండెకి హత్తుకుని తాపీగా తలుపు దగ్గరికి నడిచింది. "నేను డిపార్ట్‌మెంట్ మనిషిని. పెద్దాయనకి రిపోర్టు చెయ్యాలి. తలుపు తియ్యండి, గొళ్ళెం గారూ."

"తియ్యను," అంది గోడలోని స్పీకరు.

"ఏంటి అన్నయ్యా ఇది!" అత్తరు పొడుగు మనిషిని ఛైర్మన్‌కి అప్పగించి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. లోపలివైపు చేత్తో తిప్పే హ్యాండిల్ ఒకటి ఉంది. దాన్ని పట్టుకున్నాడు. "నీకు నా మీద కుళ్ళు! ఇదా దానికి సమయం?"

"కుళ్ళే! ఒప్పుకుంటున్నా! ఛైర్మన్ గారి ముందు ఒప్పుకుంటున్నా! అయినా సరే ఆ హ్యాండిల్ వదిలెయ్!"

హ్యాండిల్ పావు వంతు తిరిగింది. సగం తిరిగింది. మినిట్స్ పుస్తకం వీపులో గోరంత ఎర్రదీపం టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అత్తరు దాన్ని చూశాడు. చూసి ఆగిపోయాడు. వాడిలో ఎన్ని లోపాలున్నా కళ్ళు మాత్రం మంచివి.

పగడాలావిడ ముఖంలో నవ్వు పోయింది. రెండు అంగల్లో టీచరమ్మ వెనక్కి చేరి, ఆమెను లేపి నిలబెట్టి, మెడ కింద లావుపాటి పెన్ను ఒకటి ఆనించింది. దాని కొసన పాళీ లేదు. చిన్న రంధ్రం ఉంది.

"హ్యాండిల్ తిప్పు," అంది అత్తరుతో. "రెండు సెకన్లు తెరిస్తే చాలు. ఈ పుస్తకం లాగేసుకున్న కోడ్ దానంతట అదే బయటికి పోతుంది. తిప్పకపోతే మీ టీచరమ్మ ఉండదు."

అత్తరు టీచరమ్మ వంక చూశాడు. చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. అద్దం వెనక గొళ్ళేనికి పదకొండు ఊళ్ళూ గుర్తు రాలేదు, మూడు లక్షల మందీ గుర్తు రాలేదు. ఒక మెడ కనిపిస్తోంది, దాని కింద ఒక పెన్ను కనిపిస్తోంది. ఆమె లేకపోతే తను ఏ ఇంటికి వెళ్ళి ఏ తలుపు తియ్యాలి?

ఆడవాళ్ళిద్దరూ నిలబడింది సరిగ్గా ప్రొజెక్టర్ తెర ముందు. గొళ్ళెం స్పీకరు ఆపేసి, ఆమె చెవిలో మిషనులోకి మెల్లిగా అన్నాడు. "ఏమోయ్. కళ్ళు మూసుకో."

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. ఎందుకని అడగలేదు.

గొళ్ళెం గది లైట్లన్నీ ఆర్పేశాడు. ఒకటి లెక్కపెట్టి, ప్రొజెక్టర్‌ని ఆఖరి మెట్టు దాకా పెంచి తెల్లటి వెలుగు వదిలాడు. పగడాలావిడ కెవ్వుమని ముఖం తిప్పుకుంది. టీచరమ్మ చెప్పు మడమ ఆమె పాదం మీద దిగింది. టప్! పెన్ను పేలి సీలింగ్‌లోంచి సున్నం రాలింది. అత్తరు హ్యాండిల్ వదిలి ఒక్క దూకులో పగడాలావిడని కింద పడేశాడు. దండ తెగి పగడాలు గది నిండా దొర్లాయి. టీచరమ్మ మినిట్స్ పుస్తకం లాక్కుని, వీపు చించి, లోపలి బ్యాటరీ పీకి బల్ల మీద పెట్టింది. ఎర్రదీపం ఆరిపోయింది.

తర్వాత అత్తరు పగడాలావిడ చేతులకి సంకెళ్ళు వేసి లేచి, సూటు దులుపుకుని అన్నాడు.

"వదినా, మీకేం కాలేదు కదా?"

అద్దం వెనక గొళ్ళెం అంటించిన మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.

*

మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ వరండాలో పెద్దాయన కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. "ఆవిడ పార్క్ దట్ అనగానే నేనెందుకు ఊరుకున్నానో నాకే తెలియదమ్మా. అలవాటైన కుర్చీ మాట. వినగానే నోరు మూతపడిపోయింది." కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈసారి చెడ్డ వార్తకి కాదు, సిగ్గుకి. "ఏమయ్యా గొళ్ళెం, ఆ పేజీ నీకెలా కనబడింది? నీ కెమెరా పెన్నుల పెట్టె మీద కదా ఉండాలి?"

గొళ్ళెం దగ్గాడు. "లెన్సు కొంచెం వదులుగా ఉంది సర్."

పెద్దాయన ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయాడు. గొళ్ళెం, టీచరమ్మ మెట్ల మీద మిగిలారు. ఆమె మెడ మీద పెన్ను ఒత్తిన చోట ఎర్రగా కమిలింది. అతను జేబురుమాలు తడిపి అద్దాడు.

"ఆ అక్షరాలంత పెద్దగా రాశావేం?" అన్నాడు. "అత్తరు జానెడు దూరంలోనేగా ఉన్నాడు."

"అత్తరు కోసం అయితే అంత పెద్దగా ఎందుకు రాస్తాను? ఆయన కళ్ళముందు ఊరికే పెట్టి చూశాను, చదవలేదు. మీ కెమెరా ఎక్కడుంటుందో నాకు తెలియదా? పదమూడేళ్ళ కాపురం. ఆయన చెయ్యి నా కుర్చీ మీద పడగానే పెన్నుల పెట్టెని మీరు గాలికొదిలేస్తారని తెలుసు."

గొళ్ళేనికి పరువు పోయినట్టుంది, ప్రాణం లేచొచ్చినట్టూ ఉంది. "సరే, నా సంగతి అది. మరి నీకు మొదట్నుంచీ ఆ పగడాలావిడ మీదే అనుమానం ఎందుకొచ్చింది? నిన్నటి మాట కూడా పట్టుకున్నావు. పెద్దాయనకే తట్టలేదు. నాకే తట్టలేదు."

"అనుమానమా, పాడా." టీచరమ్మ నోట్‌బుక్కు సంచిలో పెట్టుకుంది. "నిన్న మీరు ఆవిడ వంక రెండుసార్లు చూశారు. మూడోసారి చూస్తారేమోనని నేను ఆవిడనే చూస్తూ కూర్చున్నాను. ఇవాళా అంతే. ఆవిడ నోరు తెరిచిన ప్రతిసారీ రాసుకున్నాను, దేనికైనా పనికొస్తుందని."

గొళ్ళేనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే, అడగకుండా ఉండలేక అడిగేశాడు.

"అది కాదోయ్, ఆ ఓడ సంగతేమిటి? మీటింగులో వాడు ఛైర్మన్‌కి ఆ కథ చెబుతుంటే నువ్వు ఎంత హాయిగా నవ్వావు..."

"లెట్స్ పార్క్ దట్," అంది టీచరమ్మ మెట్లు దిగుతూ.

పదిహేడేళ్ళ సర్వీసున్న ఏజెంట్ గొళ్ళెం ఠక్కున నోరు మూసుకున్నాడు. రెండు మెట్లు వెనక నడుస్తూ, చేతులు కట్టుకుని, "ఐ విల్ సర్కిల్ బ్యాక్," అన్నాడు.